తెర మీది అంకె, పరికరం కింది ఎముక

అధ్యక్షస్థానం ఇచ్చిన ఈ కాసిని నిమిషాలను ఒక్క విషయానికే వాడుకుంటాను. ముఖ శస్త్రచికిత్సలో నావిగేషన్ యంత్రం తెర మీద చూపే మిల్లీమీటర్ల అంకెను మనలో చాలామందిమి తప్పుగా చదువుతున్నాం.

ఈ నావిగేషన్ మొదలైన తీరు చూడండి. 1986లో అమెరికాలోని డార్ట్‌మత్‌లో రాబర్ట్స్ బృందం తలకు చట్రం బిగించకుండానే సీటీ చిత్రాన్ని ఆపరేషన్ మైక్రోస్కోపుతో జతపరిచింది. మరుసటి ఏడు జపాన్‌లో వతనబే కీళ్లున్న యంత్రహస్తంతో అదే సాధించారు. అప్పటినుంచి పరికరాలు ఎంతో మారినా అసలు చిక్కు అలాగే ఉంది. స్కానులోని పుర్రెను బల్ల మీది పుర్రెతో కచ్చితంగా జతపరచాలి. మనం రిజిస్ట్రేషన్ అనేది దాన్నే.

అందుకు వాడే గుర్తుల్లో ఎముకలో దింపే చిన్న స్క్రూలు అన్నిటికంటే నమ్మదగినవి. కానీ వాటికోసం స్కానుకు ముందే రోగికి అదనపు గాయం చేయాలి. చర్మానికి అంటించే మార్కర్లతో నొప్పి లేదు, నిలకడా లేదు: ప్రమాదంలో వచ్చిన వాపు తీస్తుంది, మత్తు గొట్టానికి ప్లాస్టరు వేయగానే చెంప జరుగుతుంది. లేజరుతో ముఖాన్ని చదివే పద్ధతికీ ఇదే బలహీనత. పై పళ్లకు తొడిగే స్ప్లింటు దవడ దగ్గర చక్కగా పనిచేస్తుంది, కంటిగూడు చేరేసరికి పట్టు సడలుతుంది. బందు దగ్గర తలుపు వెంట్రుకవాసి కదిలితే చివరి అంచు బెత్తెడు జరిగినట్టే ఇదీ. అన్నట్టు, 2021లో నల్ల ఫంగస్ వల్ల పై దవడ పోగొట్టుకున్నవారికి ఇప్పుడు ముఖం తిరిగి నిర్మించాలంటే స్ప్లింటు తొడగడానికి పళ్లేవి? ఆనాడు హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి వచ్చిన రోగులను చూసినవారికి ఈ ప్రశ్న బరువు తెలుసు.

ఇక అంకె సంగతి. తెర మీద కనిపించేది మార్కర్లు ఒకదానితో ఒకటి ఎంత బాగా కుదిరాయో చెప్పే కొలత. పరికరం మొన దగ్గర ఎంత తేడా ఉందో అది చెప్పదు. ఈ రెండింటికీ పొంతన లేదని ఫిట్జ్‌ప్యాట్రిక్ 2009లో గణితంతో నిరూపించారు. ఒక్కో మార్కరును గుర్తించడంలో సగటున 1 మిల్లీమీటరు తప్పు జరుగుతుందనుకోండి. నాలుగు మార్కర్లు పెడితే తెర సుమారు 0.7 చూపుతుంది, ఎనిమిది పెడితే 0.87 చూపుతుంది. అంకె పెరిగింది. కానీ మార్కర్ల నడిమధ్య బిందువు దగ్గర నిజమైన తప్పు 0.5 నుంచి 0.35కు తగ్గింది! మరి ఆపరేషన్ గదిలో ఏం చేస్తున్నాం? కుదరని మార్కరును తీసేసి, అంకె దిగగానే ఊపిరి పీల్చుకుంటున్నాం. రోగికి మేలు చేసే మార్కరునే పారేస్తున్నామేమో ఆలోచించండి.

మార్కర్లన్నీ ముఖం ముందుభాగంలోనే గుమికూడితే లోతుకు వెళ్లేకొద్దీ తప్పు పెరుగుతుంది. కంటిగూడు అంచు నుంచి దృష్టినాడి రంధ్రం 4 సెంటీమీటర్లు దాటిన లోతున ఉంటుంది. విరిగిన కంటిగూడు నేల మీద టైటానియం జాలీ పరిచేటప్పుడు, దాని వెనక అంచు ఎక్కడ ఆగిందన్నదాని మీద ఒక మనిషి చూపు ఆధారపడి ఉంటుంది. ముక్కు మీద, కణత మీద తీసిన కొలత అక్కడ సాక్ష్యం కాదు.

ఇంకో మాట: కింది దవడ కదిలే ఎముక. పుర్రెకు చేసిన రిజిస్ట్రేషన్ దానికి చెల్లదు, దానికి విడిగా రిఫరెన్సు చట్రం బిగించాల్సిందే.

ప్రతి రోగికీ స్క్రూలు దింపమని నేను అనను. పద్ధతి ఏదైనా, రిజిస్ట్రేషన్‌లో వాడని ఎముక గుర్తులను, కోతకు దగ్గరలో ఉన్నవాటిని, పని మొదలుపెట్టే ముందు ఒకసారి, మధ్యలో మరోసారి పాయింటరుతో తాకి, తెర చూపే చోటుకూ వాటికీ తేడా ఎంతో చూడండి. మత్తు డాక్టరు తల సర్దినా, రిఫరెన్సు చట్రానికి ఎవరి మోచెయ్యి తగిలినా మళ్లీ చూడండి. ఈ సమావేశంలో పత్రాలు సమర్పించేవారు ఆ తేడా ఎక్కడ కొలిచారో, ఎంత వచ్చిందో చెప్పాలని కోరుతున్నాను. చర్చలో నేను అడగబోయే మొదటి ప్రశ్న కూడా అదే. ఇక మొదటి పత్రకర్తను వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను.