చూపు బాగానే ఉన్నా కంటి ఫోటో ఎందుకు?



షుగర్ ఉన్నవారికి కంటి ఫోటో తీయించమని చెబితే ఇంటివారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "నాన్నగారికి చూపు బాగానే ఉంది కదండీ, ఈ ఖర్చు ఎందుకు?" ఈ రోజు దానికే జవాబు చెబుతాను.

కంటి లోపల వెనుకవైపు రెటీనా అనే పల్చని తెర ఉంటుంది. దాని మీద రక్తనాళాలు చెట్టు కొమ్మల్లా చీలుతూ పరుచుకొని ఉంటాయి. షుగర్ చాలాకాలం అదుపు తప్పితే ఈ సన్నని నాళాలు ఉబ్బుతాయి, రక్తం, నీరు కారతాయి. జబ్బు ముదిరితే బలంలేని కొత్త నాళాలు పుట్టి, చిట్లి, చూపును దెబ్బతీస్తాయి. మొదటి దశలో నొప్పి ఉండదు, మసకా ఉండదు. ఫోటోలో మాత్రం మార్పు కనిపిస్తుంది.

ఆ ఫోటోలో నాళాలను గుర్తించి గీసే పని ఇప్పుడు కంప్యూటరు కూడా చేస్తుంది. నాళం చుట్టుపక్కలకంటే ముదురుగా ఉంటుంది. ఆ ముదురు గీతను పట్టుకొని, కాలువ గట్టున నడిచినట్టు సాగుతుంది. చీలిక వస్తే రెండు దారులూ పడుతుంది. ఇప్పటి పద్ధతుల్లో, మనుషులు గీసిన నమూనాలు చూసి తానే నేర్చుకుంటుంది. 2004లో నెదర్లాండ్స్ పరిశోధకులు అలా నాళాలు గుర్తించిన 40 కంటి ఫోటోలను అందరికీ అందుబాటులో ఉంచారు.

దీనివల్ల మేలేమిటి? నిరుటి ఫోటోను, ఈ ఏటి ఫోటోను కొమ్మకు కొమ్మ సరిపెట్టి, ఏం మారిందో పోల్చవచ్చు.

అయితే కంప్యూటరూ పొరబడుతుంది. ఒకదానిమీదుగా ఒకటి దాటే రెండు నాళాలను చీలిక అనుకోవచ్చు. రక్తపు మరక అంచును నాళం అనుకోవచ్చు. శుక్లం ఉంటే ఫోటోయే మసకబారుతుంది. అందుకే డాక్టరుగారు స్వయంగా చూడటం తప్పనిసరి.

ఇంటివారు చేయవలసినవి:

1. పెద్దవయసులో షుగర్ బయటపడితే వెంటనే రెటీనా పరీక్ష చేయించండి. తర్వాత ఏటా, లేదా డాక్టరు చెప్పిన గడువులో చేయించండి. అద్దాల నంబరు చూపించుకోవడం ఈ పరీక్ష కాదు.
2. పరీక్షకు చుక్కలు వేస్తే కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది. తోడు రండి, బండి నడపనివ్వకండి.
3. పాత ఫోటోలు, రిపోర్టులు తప్పక తీసుకురండి.
4. షుగరుతోపాటు బి.పి. కూడా అదుపులో ఉంచండి.
5. కంటి ముందు హఠాత్తుగా నల్లమచ్చలు తేలినా, తెర కమ్మినట్టున్నా ఆ రోజే రండి.

పోయిన చూపును తిరిగి తేవడం కష్టం. ఉన్న చూపును కాపాడేందుకు లేజరు, ఇంజెక్షన్ల వంటి చికిత్సలు ఉన్నాయి. కాబట్టి నాన్నగారికి చూపు బాగున్నప్పుడే తీసుకురండి.