రెండు లక్షల కేసులు, మన అడ్మిషన్ రిజిస్టరు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సోషల్ పీరియడులో కునుకు తీసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. అలాంటివాడు చరిత్ర గురించి మాట్లాడతానంటే మాస్టారు నవ్వుకోవడం ఇక్కణ్ణించి కనిపిస్తూనే ఉంది. నాది కంప్యూటర్లో లెక్కలు చూసే ఉద్యోగం. పాత నగరాల చరిత్రను ఆ లెక్కలతో ఎలా చదువుతున్నారో తెలుసుకోవడం నాకు పదేళ్లుగా పట్టిన పిచ్చి.

లండన్‌లో ఓల్డ్ బెయిలీ అని పెద్ద క్రిమినల్ కోర్టు ఉంది. అక్కడి విచారణల వివరాలను 1674 నుంచి 1913 దాకా అచ్చువేసి అమ్మేవారు. మొత్తం 1,97,745 విచారణలు, దాదాపు 12 కోట్ల 70 లక్షల మాటలు. ఎవరు ఏ వీధిలో ఉండేవారు, ఏం పోగొట్టుకున్నారు, దాని ఖరీదెంత, సాక్షి ఆ రాత్రి అక్కడ ఏం చేస్తున్నాడు, ఇవన్నీ అందులో ఉంటాయి. రాజుల చరిత్రలో ఎక్కని పనిమనుషులు, కూలీలు, చిల్లర దుకాణాలవాళ్లు అందులో మాట్లాడతారు. రోజుకు ఇరవై కేసులు, ఆదివారం కూడా మానకుండా చదివితే ఇరవయ్యేడేళ్లు పడుతుంది. చివరికి వచ్చేసరికి మొదట చదివింది గుర్తుండదు.

టిమ్ హిచ్‌కాక్, రాబర్ట్ షూమేకర్ అనే చరిత్రకారులు ఈ కట్టనంతా కంప్యూటర్‌కి ఎక్కించే పనికి పూనుకున్నారు. 2003 నుంచి అది ఇంటర్నెట్‌లో ఉంది. ఆ రోజుల ఇంగ్లీషు అచ్చులో ఒక రకం ‘ఎస్’ అక్షరం అచ్చం ‘ఎఫ్’లా ఉంటుంది. యంత్రాన్ని చదవమంటే తడబడుతుంది. అందుకని పాత సంపుటాల్ని ఇద్దరిచేత విడివిడిగా టైపు చేయించి, రెంటినీ కంప్యూటర్‌తో పోల్చి, తేడా వచ్చినచోట మనిషి కూర్చుని సరిదిద్దాడు. పరీక్ష పేపర్లు ఇద్దరు దిద్దినట్టన్నమాట. మా రంగంలో అందరూ గొప్పగా చెప్పుకునేది ఆ తర్వాతి లెక్కల గురించి. నన్నడిగితే అసలు పని ఈ టైపు దగ్గరే జరిగింది.

2014లో ముగ్గురు పరిశోధకులు 1760 తర్వాతి విచారణల్లోని మాటల్ని అర్థాన్నిబట్టి గుంపులు చేసి లెక్కపెట్టారు. మొదట్లో కొట్లాట, హత్య కేసుల్లో వాడే మాటలకీ, దొంగతనం కేసుల్లో వాడే మాటలకీ పెద్ద తేడా లేదు. తర్వాతి నూటయాభై ఏళ్లలో ఆ రెండూ కొద్దికొద్దిగా విడిపోయాయి. అంటే మనిషిమీద చెయ్యి చేసుకోవడాన్ని వస్తువు పోవడం కంటే వేరే జాతి నేరంగా ఆ కోర్టు నెమ్మదిగా చూడసాగింది. ఒక జడ్జిగారు ఒక రోజున తీసుకున్న నిర్ణయం కాదది. ఎన్ని కేసులు విడివిడిగా చదివినా ఆ మార్పు కంటికి ఆనదు.

అదే కట్టలో ఒక గొయ్యి కూడా ఉంది. 1790 చివరి నుంచి 1792 దాకా విడుదలైనవాళ్ల కేసులు అచ్చువెయ్యకూడదని నగర పాలకులు ఆంక్ష పెట్టారు. అవి చదివి తక్కిన నేరస్థులు తప్పించుకునే దారులు నేర్చుకుంటారని భయం. ఈ సంగతి తెలియకుండా గ్రాఫు గీస్తే, ఆ రెండేళ్లూ లండన్‌లో పట్టుబడ్డ ప్రతివాడూ దోషే! కంప్యూటర్ ఆ మాట ఏ సంకోచం లేకుండా చెబుతుంది. అక్కడ కాగితం ఎందుకు లేదో ఎవరైనా మనిషే చెప్పాలి.

ఇంత లండన్ పురాణం ఎందుకంటే, మన దగ్గరా అలాంటి కట్ట ఒకటి ఉంది. మన బడి అడ్మిషన్ రిజిస్టర్లు. కిందటేడు సెలవుల్లో హెడ్మాస్టరుగారి అనుమతితో కొన్ని పేజీలు ఫొటో తీసి టైపు చేశాను. పుట్టినరోజుల్ని లెక్కిస్తే జులై 1 కొండలా లేచింది. చెయ్యి తలమీదుగా తిప్పి చెవి అందితే చాలు, మాస్టారు ఒక తేదీ వేసేవారు. నా పుట్టినరోజు కూడా జులై 1. మా అమ్మ లెక్కలో నేను కార్తీక మాసంలో పుట్టాను.

తండ్రి వృత్తి గడిలో ఊరు మారడం కనిపించింది. జట్కా తగ్గి రిక్షా వచ్చింది, రిక్షా తగ్గి ఆటో వచ్చింది. అది చూసి హుషారుగా ఇంకో గ్రాఫు గీశాను. ఒక పదేళ్లపాటు కూలీల పిల్లలు బడికి దాదాపు రాలేదని తేలింది. రిటైరైన మాస్టారొకరికి చూపించాను. ఆయన కళ్లజోడు పైకెత్తి, “ఒరే, అప్పట్లో రిజిస్టరు రాసినాయన పొలానికి వెళ్లే ప్రతివాడికీ వ్యవసాయం అనే రాసేవాడురా. భూమి ఉందా లేదా అని అడిగేవాడు కాదు” అన్నారు. పిల్లలు వచ్చారు. వాళ్ల నాన్నల పనే ఆ గడిలో లేదు. నేను రెండు వారాలు కూర్చుని గీసిన గీత ఆ ఒక్క మాటతో చెరిగిపోయింది.

ఆ మాస్టారు లేకపోతే నా తప్పుడు గ్రాఫు ఈ సావనీర్‌లో అచ్చయ్యేది.

రిజిస్టర్లలో ఒకదానికి అప్పుడే చెద పట్టింది. చివరి ఇరవై పేజీలు చేతిలోకి తీసుకుంటే పొడి రాలుతోంది. మిగిలినవాటిని ఫొటో తీయడం పెద్ద పని కాదు, నాలుగు ఆదివారాలు చాలు. టైపుకి మాత్రం జంటలు కావాలి, ఒకరు చేసింది ఇంకొకరు చూడకుండా. ఒక్క సంగతి ముందే ఒప్పుకుందాం. ఓల్డ్ బెయిలీ కట్టలోని చివరి కేసులు నడిచి కూడా వందేళ్లు దాటింది. మన రిజిస్టర్లోవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. కులం గడీ, బడి మానేసిన కారణం గడీ, పేర్లూ ఇంటర్నెట్‌కి ఎక్కకూడదు. ఫీజు కట్టలేక మానేశాడని రాసి ఉన్న కుర్రాడు ఇవాళ తాతగారై, మనవడితో ఈ సభకి వచ్చి ఉండొచ్చు.

రెండో రిజిస్టరు ఇప్పుడు స్టాఫ్ రూములో బల్లమీద పెట్టి ఉంది. అందులో మూడు చేతిరాతలున్నాయి. ఒకటి నాకు బొత్తిగా అర్థం కాలేదు. అది ఎవరిదో, వారు దేనికి ఏం రాసేవారో తెలిసినవారు ముందు వరుసలోనే ఉన్నారని నా నమ్మకం. మాస్టారూ, భోజనాలయ్యాక ఒక్క అరగంట అటు వస్తారా? నేను పెన్సిలూ కాగితం పట్టుకుని అక్కడే ఉంటాను.