కంటి ఆపరేషన్‌కి చందా వేసే ముందు

కంకిపాడు వైపు ఒక కౌలు రైతుకి రెండు కళ్లలోనూ శుక్లాలు వచ్చాయట. ఆపరేషన్‌కి చందాలు పోగుచేద్దామా అని మన చానల్ చూసేవాళ్లు అడిగారు. చేద్దాం. కాకపోతే ఆ డబ్బు దేనికి కావాలో ముందు చూద్దాం.

శుక్లం అంటే కంటి లోపలి లెన్స్ మసకబారడం. చుక్కల మందుతో పోదు. దాన్ని తీసేసి కృత్రిమ లెన్స్ పెట్టాలి. ఒకప్పుడు ఆ లెన్స్ విదేశాల నుంచి వచ్చేది, పేదవాడికి అందేది కాదు. 1992లో మదురైలో అరవింద్ వాళ్లు ఆరోల్యాబ్ పెట్టి ఇక్కడే తయారుచెయ్యడంతో ధర బాగా దిగింది. 1976 నుంచి కేంద్రం అంధత్వ నివారణ కార్యక్రమం నడుపుతోంది. దాని కింద శుక్లాల ఆపరేషన్లు ఉచితం. ఇక కంకిపాడు నుంచి బెజవాడ వెళ్లే దారిలోనే, తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. కట్టుకోలేనివాళ్లకి అక్కడ ఉచితంగా చేస్తారు.

మరి రైతులు ఎందుకు వెళ్లరు? తోడు ఒక మనిషి కావాలి. కొడుకో కోడలో ఆ రోజు కూలి వదులుకోవాలి. ఆపరేషన్ అయ్యాక మళ్లీ చూపించుకోవాలి, కొన్ని వారాలు చుక్కలు వేసుకోవాలి. కంట్లో నీళ్లు, దుమ్ము పడకూడదు. నాట్లప్పుడు బురద, నూర్పిళ్లప్పుడు దుమ్ము. "సార్వా అయ్యాక చూద్దాంలే" అంటారు. సార్వా అయ్యేసరికి చేలో మినుము ఉంటుంది. ఈలోగా గట్టు మీద కాలు జారుతుంది, పురుగుమందు డబ్బా మీద అక్షరం కనపడదు.

కాబట్టి చందా వేస్తే ఆటోకి వెయ్యండి. తోడొచ్చేవాళ్ల కూలికి వెయ్యండి. ఆ వారాల్లో ఆయన బదులు చేలో దిగే మనిషికి వెయ్యండి. రెండో కన్నుకి మళ్లీ ఇదంతా ఉంటుంది, అదీ లెక్కలో పెట్టుకోండి. ఎప్పుడు వీలో మాత్రం ఆయన్నే అడగండి.

ఇంకో మాట. వరి ఆకు గీసుకునో, గింజ తగిలో కన్ను ఎర్రబడి నొప్పి పుడితే అది శుక్లం కాదు. నల్లగుడ్డు మీద పుండు పడితే రోజుల్లోనే చూపు పోవచ్చు. పసర్లు పొయ్యకుండా అదే రోజు తీసుకెళ్లండి. చందా కోసం ఆగొద్దు.

డబ్బు పంపేవాళ్లు దొరుకుతారండీ. ఆ రోజు పొద్దున్నే ఆయన గుమ్మం ముందు ఆటోతో నిలబడేది ఎవరో ముందు తేల్చుకోండి. ఉంటాను.