తూర్పుగాలి తరంగములు - మన చెరువులు

(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఆశ్వయుజ, కార్తీక మాసములలో మన వైపున నాలుగు దినములు ఎండ కాసి, పిదప రెండు దినములు ఎడతెగక వాన కురియుట మీరెరిగినదే. ఆ వాన అన్ని వేళల తుపానుతోనే రాదు. బంగాళాఖాతము మీదుగా పడమరకు సాగు గాలిలో అప్పుడప్పుడు ఒక వంపు ఏర్పడును. దీనినే శాస్త్రజ్ఞులు తూర్పుగాలి తరంగమందురు. దాని పొడవు 2,000 నుండి 3,000 కిలోమీటర్లు. నడక దినమునకు సుమారు 500, 600 కిలోమీటర్లు. సాధారణముగా వంపునకు ముందు గాలి ఈశాన్యము నుండి వీచి ఆకాశము తేటగా నుండును. వంపు దాటిన పిదప గాలి ఆగ్నేయమునకు తిరిగి వాన పట్టును. ఒక్కొక్కప్పుడు ఈ వంపే ముదిరి అల్పపీడనమగును, వాయుగుండమగును.

వాయుగుండమెట్టిదో 2021 నవంబరులో చూచితిమి. ఆ నెల 19వ తేది వేకువన పుదుచ్చేరి, చెన్నైల నడుమ ఒకటి తీరము దాటినది. స్వర్ణముఖి పొంగినది; తిరుపతి వీధులు కాలువలైనవి. రామచంద్రాపురము మండలమున రాయలచెరువు కట్ట నుండి నీరు కారుట చూచి దిగువ గ్రామముల వారిచే ఇండ్లు ఖాళీ చేయించిరి. అదృష్టవశమున కట్ట నిలిచినది.

ఇట్టి వానను ముందుగా లెక్కింపవచ్చునా? తిరుపతి నుండి చిత్తూరు పోవు బాటలో గాదంకి వద్ద జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల కలదు. అచట 1,024 యాంటెన్నాలు నారుమడివలె బారులు తీరి, మింటికి రేడియో తరంగములు పంపి, సుమారు 20 కిలోమీటర్ల ఎత్తు వరకు గాలి పోకడను కొలుచును. అయినను అది ఒక్క చోటి కొలత. కడమ పని కంప్యూటరు నమూనాలది.

ప్రపంచమంతటికి వేయు నమూనాలో ఒక్కొక్క గడి 100 కిలోమీటర్ల వెడల్పున్నచో శేషాచలము చదునైపోవును. ప్రాంతీయ నమూనాలో గళ్ళు చిన్నవి. కొండ కొండగానే నిలుచును, దానిని ఎక్కు తేమగాలియు లెక్కకు వచ్చును. చిక్కు మరొకచోట నున్నది. తరంగము మన గళ్ళలో పుట్టదు. సముద్రము మీద పుట్టి, తూర్పు హద్దు గుండా లోనికి రావలెను. గొలుసు చెరువులను తలంచుడు. ఎగువ చెరువు మొరవ లెక్క తప్పినచో దిగువ చెరువు లెక్క ఎంత శ్రద్ధగా వ్రాసినను తప్పే. ప్రాంతీయ నమూనాకు ఎగువ చెరువు ఆ ప్రపంచ నమూనాయే.

గడచిన 20, 30 సంవత్సరముల గాలిని ఇట్లు తిరిగి నడిపించి, ఏటికెన్ని తరంగములు వచ్చినవో, ఎంత కురిసినవో చూచుట శీతోష్ణస్థితి పరిశోధన. మొరవ ఎంత వెడల్పుండవలెనో నిర్ణయించుటకు ఆ లెక్క అక్కరకు వచ్చును. మన పెద్దలు చెరువు ముందు కట్టిరి, లెక్క తరువాత వచ్చినది!

గ్రామములలో మమ్ము అడుగు ప్రశ్న ఒకటే: "మా చెరువు మీద ఎంత పడును?" ఆ మాట నమూనా చెప్పజాలదు. వాన పాకాల విడిచి శ్రీకాళహస్తి మీద పడుటకు స్వల్పమైన తేడా చాలును. అది చెప్పగలిగినది జిల్లా మట్టునకు, రెండు మూడు దినముల ముందు. నమూనాను సరిచూచునది మీ మండలపు వానమాని లెక్కయే. అది తప్పినచో సరిచూచుటకు ఆధారమే యుండదు.

నీరు నిలుపుకొనుటకై మొరవ మీద మట్టి, ఇసుకమూటలు పేర్చు అలవాటు కొన్ని ఊళ్ళలో కలదు. తరంగము రెండు దినముల దూరమున నున్నదని వార్త వచ్చినప్పుడు వానిని తీయించుటకు ఒక్క పగలు చాలును. తూము పనిచేయుచున్నదో లేదో మీ నీరుగంటిని ఈ వారమే అడుగుడు.