టెలికాం సంస్థను తూచడం ఎలా? వొడాఫోన్ ఉదాహరణగా ఒక పరిశీలన



వ్యాపార సంస్థలు, వాటి సామాజిక బాధ్యత అనే అంశంలో భాగంగా ఈ రోజు ఒక పెద్ద టెలికాం సంస్థ నైతిక ప్రవర్తననూ, పర్యావరణం పట్ల దాని వైఖరినీ ఎలా అంచనా వేయాలో తెలుసుకుందాం. ఉదాహరణగా బ్రిటన్‌కు చెందిన వొడాఫోన్‌ను తీసుకుందాం. దీన్నే ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, 2007లో హచిసన్ ఎస్సార్‌లో వాటా కొని మన దేశంలోకి వచ్చిన ఈ సంస్థ కోట్లాది భారతీయులకు తెలిసిన పేరు. హచ్ అన్న పేరు వొడాఫోన్‌గా మారడం మన రాష్ట్రంలోనూ చాలామందికి గుర్తుండే ఉంటుంది. రెండు, ఈ సంస్థ చేసిన మంచీ, దానిపై వచ్చిన ఆరోపణలూ రెండూ ప్రజల ముందున్న రికార్డులోనే ఉన్నాయి.

సాధారణంగా సంస్థలను మనం రెండు విధాలుగా చూస్తాం. సంస్థ అచ్చువేసిన అందమైన నివేదిక చదివి మెచ్చుకోవడం ఒక పద్ధతి. పత్రికల్లో వచ్చిన కుంభకోణం చదివి తిట్టడం ఇంకో పద్ధతి. కొంచెం ఆలోచనాపరులు మూడో పద్ధతి పాటిస్తారు. మంచిని ఒక తక్కెడలో, చెడును మరో తక్కెడలో వేసి, ఎటు మొగ్గితే అటు తీర్పు చెబుతారు. ఇది న్యాయంగా కనిపిస్తుంది కానీ ఇందులోనూ లోపం ఉంది. వొడాఫోన్‌కు పెద్ద వాటా ఉన్న సఫారీకామ్ 2007లో కెన్యాలో ఎం-పెసా సేవను ప్రారంభించింది. బ్యాంకు ఖాతా లేని లక్షలాది పేదలు ఫోన్ ద్వారా డబ్బు పంపుకోగలిగారు. ఇది నిజంగా గొప్ప మేలు. అయితే కెన్యాలో జరిగిన మేలు గ్రీసులో ఫోన్ ట్యాపింగ్‌కు గురైన మనిషికి జవాబు కాగలదా? కాదు. ఒకరికి చేసిన ఉపకారం మరొకరి బాకీని తీర్చదు.

అందువల్ల ఈ పాఠంలో మనం వేరే ప్రశ్న వేసుకుందాం. "మా బాధ్యత ఇంతవరకే" అని సంస్థ తన చుట్టూ ఎక్కడ గిరి గీసుకుంది? ఆ గిరి బయట మిగిలిపోయింది ఎవరు? సంస్థ నిజస్వరూపం దాని వాగ్దానాల కంటే ఈ గీతలోనే ఎక్కువగా తెలుస్తుంది.

పొగ ఎవరి ఖాతాలో?

ముందుగా పర్యావరణం సంగతి చూద్దాం. ఫోన్ సంస్థకు ఫ్యాక్టరీ పొగగొట్టాలుండవు. కానీ దాని టవర్లకు రాత్రీ పగలూ కరెంటు కావాలి. కరెంటు కోతలున్న చోట బ్యాటరీలూ, డీజిల్ జనరేటర్లూ ఆ పని చేస్తాయి. 2011లో ట్రాయ్ వేసిన అంచనా ప్రకారం మన దేశంలోని టవర్లు ఏడాదికి సుమారు 200 కోట్ల లీటర్ల డీజిల్ తాగేవి. ఈ పరిస్థితిని మార్చడానికి టెలికాం శాఖ 2012 జనవరిలో ఆదేశాలిచ్చింది. 2015 నాటికి గ్రామాల్లోని టవర్లలో 50 శాతం, పట్టణాల్లోని టవర్లలో 20 శాతం సౌరశక్తి వంటి వాటితో కలిపి నడవాలన్నది లక్ష్యం. 2020 నాటికి ఈ వాటాలు 75, 33 శాతాలకు చేరాలి. ఆచరణ అంత సులువు కాలేదు. 2017లో ట్రాయ్ ఈ అంశాన్ని తిరిగి పరిశీలించవలసి వచ్చింది.

ఇప్పుడు వొడాఫోన్ లెక్క చూడండి. 2006-07 నాటి కర్బన ఉద్గారాలను 2020 నాటికి సగానికి తగ్గిస్తామని ఈ సంస్థ 2008లో ప్రకటించింది. ఆనాటికి ఇది సాహసమైన వాగ్దానమే. కానీ అప్పటికే తన ప్రధాన మార్కెట్లలో ఒకటైన భారతదేశం ఆ వాగ్దానం పరిధిలో లేదు. తర్వాత భారత్ వంటి వర్ధమాన దేశాలకు వేరే రకం లక్ష్యం పెట్టుకుంది. మొత్తం ఉద్గారాలు కాకుండా, నెట్‌వర్క్‌లో ఒక్కో కేంద్రానికి వచ్చే సగటు ఉద్గారాన్ని తగ్గిస్తామంది.

ఈ రెండింటికీ తేడా ఏమిటో చిన్న లెక్కతో చూద్దాం. ఒక సంస్థకు 100 కేంద్రాలున్నాయనీ, ఒక్కొక్కటి ఏడాదికి 10 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదులుతుందనీ అనుకుందాం. మొత్తం 1,000 టన్నులు. కొన్నేళ్లకు సగటు 8 టన్నులకు తగ్గింది. కేంద్రాలు మాత్రం 200 అయ్యాయి. "20 శాతం తగ్గించాం" అని నివేదిక చెబుతుంది, అది అబద్ధం కాదు. కానీ గాలిలో కలిసింది 1,600 టన్నులు. పెరుగుతున్న మార్కెట్లో మొత్తాన్ని తగ్గించడం కష్టమని సంస్థ వాదించవచ్చు. ఆ వాదనలో న్యాయం ఉంది. గ్రామాలకు ఫోన్ అందాలంటే టవర్లు పెరగక తప్పదు. అయినా సగటు అంకె పక్కనే మొత్తం అంకెను కూడా చూపమని అడిగే హక్కు మనకుంది.

రెండో మెలిక టవర్ల యాజమాన్యంలో ఉంది. 2007లో భారతి, వొడాఫోన్, ఐడియా సంస్థలు కలిసి 42, 42, 16 శాతం వాటాలతో ఇండస్ టవర్స్‌ను ఏర్పాటు చేశాయి. ఒకే టవర్‌ను పలు సంస్థలు పంచుకోవడం మంచి ఆలోచనే. దీనివల్ల ఇనుమూ, స్థలమూ, డీజిలూ ఆదా అవుతాయి. అయితే లెక్కల పద్ధతి ఏమంటుంది? ప్రపంచమంతా పాటించే గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్ ఉద్గారాలను మూడు పరిధులుగా విడదీస్తుంది. సంస్థ తానే కాల్చే ఇంధనం మొదటిది. కొనుక్కునే కరెంటు రెండోది. సరఫరాదారులు, భాగస్వాములు, వినియోగదారుల వల్ల వచ్చేది మూడోది. టవర్ ఫోన్ సంస్థ సొంతమై, దాన్ని తానే నడిపితే డీజిల్ పొగ మొదటి పరిధిలోకి వస్తుంది. అదే టవర్‌ను వేరే కంపెనీ నడిపితే పొగ మూడో పరిధిలోకి జారిపోవచ్చు. చాలాకాలం సంస్థలు పెట్టుకున్న లక్ష్యాలు మొదటి రెండు పరిధులకే పరిమితమయ్యాయి. టవర్ మారలేదు, జనరేటర్ మారలేదు, పక్కింటివాళ్లు పీల్చే గాలీ మారలేదు. ఖాతా మాత్రం మారింది.

2020లో వొడాఫోన్ తన గిరిని వెడల్పు చేసింది. సొంత కార్యకలాపాల్లో 2030 నాటికి, సరఫరాదారులతో సహా మొత్తం గొలుసులో 2040 నాటికి నికర ఉద్గారాలను సున్నాకు తెస్తామని ప్రకటించింది. మూడో పరిధిని కలుపుకోవడం చిన్న మార్పు కాదు, దాన్ని మెచ్చుకోవాలి. ఆ వాగ్దానం విలువ మాత్రం ఏటేటా వచ్చే లెక్కలే తేల్చాలి.

తాళంచెవి ఎవరి చేతిలో?

ఇక నైతిక ప్రవర్తన. టెలికాం సంస్థ అమ్మే సరుకు నమ్మకం. మన మాట మధ్యలో ఇంకెవరూ వినరన్న నమ్మకంతోనే ఫోన్ ఎత్తుతాం.

2004లో ఏథెన్స్ ఒలింపిక్స్ జరిగిన రోజుల్లో గ్రీసులోని వొడాఫోన్ ఎక్స్ఛేంజీల్లో ఎవరో రహస్యంగా ఒక సాఫ్ట్‌వేర్ చొప్పించారు. దానితో దేశ ప్రధానమంత్రి సహా వందమందికి పైగా ప్రముఖుల ఫోన్లను నెలల తరబడి విన్నారు. విచిత్రమేమిటంటే దొంగలు కొత్త దారి తవ్వలేదు. చట్టబద్ధమైన నిఘా కోసం ఎరిక్సన్ సంస్థ పరికరాల్లో ఉన్న ఏర్పాటునే వాడుకున్నారు. 2005 మార్చిలో సంగతి బయటపడగానే సంస్థ ఆ సాఫ్ట్‌వేర్‌ను తొలగించి ప్రభుత్వానికి తెలిపింది. వెంటనే తొలగించడం వల్ల దొంగలను పట్టుకునే ఆధారాలు పోయాయని విమర్శ వచ్చింది. 2006 డిసెంబరులో అక్కడి సమాచార గోప్యత సంస్థ వొడాఫోన్‌కు 7.6 కోట్ల యూరోల జరిమానా విధించింది. వ్యవహారం కోర్టులకెక్కింది. తప్పు ఎవరిదన్న విషయంలో వొడాఫోన్, ఎరిక్సన్ ఒకరివైపు ఒకరు వేలు చూపించుకున్నాయి. ఫోన్ వాడిన మనిషికి మాత్రం తెలిసింది ఒక్క సంస్థే. అతడు బిల్లు కట్టింది వొడాఫోన్‌కు, పరికరాలు తయారుచేసిన సంస్థకు కాదు.

రెండో ఉదాహరణ ఈజిప్టు. 2011 జనవరి 28న, ముబారక్ ప్రభుత్వానికి వ్యతిరేకంగా జనం వీధుల్లోకి వచ్చినప్పుడు, ఫోన్ సేవలు ఆపాలని ప్రభుత్వం అన్ని సంస్థలనూ ఆదేశించింది. అవి ఆపాయి. తర్వాత ప్రభుత్వానికి అనుకూలమైన సందేశాలు ఆ నెట్‌వర్క్‌ల మీదుగా జనానికి వెళ్లాయి. అక్కడి చట్టం ప్రకారం ఆదేశం పాటించక తప్పలేదనీ, ఆ సందేశాలు తాము రాసినవి కావనీ, పంపిందెవరో స్పష్టంగా తెలియాలని ప్రభుత్వానికి నిరసన తెలిపామనీ వొడాఫోన్ వివరణ ఇచ్చింది.

ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పకూడదు. ఆదేశాన్ని ధిక్కరిస్తే జైలుకు వెళ్లేది లండన్‌లోని అధికారి కాదు, కైరోలోని స్థానిక ఉద్యోగి. కానీ అసలు ప్రశ్న ఆ జనవరి రాత్రిది కాదు. అంతకు ఎన్నో ఏళ్ల ముందు లైసెన్సు తీసుకున్నప్పుడు, ఇలాంటి ఆదేశం రావచ్చని సంస్థకు తెలుసా? తెలిస్తే ఏ జాగ్రత్త తీసుకుంది? వినియోగదారులకు ఏం చెప్పింది? నీతి పరీక్ష సంక్షోభం నాడు మొదలవదు, ఒప్పందం మీద సంతకం పెట్టిన నాడే మొదలవుతుంది.

ఈ సంగతి మనకు దూరం కాదు. మన దేశంలోనూ ఇంటర్నెట్ నిలిపివేత ఆదేశాలు వస్తూనే ఉన్నాయి. అలాంటి ఆదేశాలను ప్రచురించాలనీ, నిరవధికంగా నిలిపివేయడం కుదరదనీ సుప్రీంకోర్టు 2020 జనవరి 10న చెప్పింది.

వొడాఫోన్ ఈ అనుభవం నుంచి కొంత నేర్చుకుంది. 2014 జూన్‌లో 29 దేశాల్లో ప్రభుత్వాలు తమను ఏమేం అడుగుతున్నాయో వివరిస్తూ నివేదిక ప్రచురించింది. కొన్ని దేశాల్లో అధికారులకు నెట్‌వర్క్‌లోకి నేరుగా దారి ఉందనీ, సంస్థకు తెలియకుండానే వారు వినగలరనీ అందులో ఒప్పుకుంది. చట్టం అడ్డురావడం వల్ల భారత్ వంటి దేశాల అంకెలు ఇవ్వలేకపోతున్నామని కూడా రాసింది. అంకె లేని చోట "ఎందుకు లేదు" అని రాయడం కూడా నిజాయితీయే.

చట్టబద్ధమా, న్యాయమా?

మూడో విషయం పన్ను. హచిసన్ ఎస్సార్‌లో 67 శాతం వాటాను వొడాఫోన్ సుమారు 1,100 కోట్ల డాలర్లకు కొన్నది కేమన్ దీవుల్లోని ఒక కంపెనీ వాటా ద్వారా. ఆస్తి భారత్‌లో ఉంది, అమ్మకం దీవిలో జరిగింది. మన ఆదాయపు పన్ను శాఖ పన్ను అడిగింది. 2012 జనవరిలో సుప్రీంకోర్టు వొడాఫోన్ పక్షాన తీర్పు ఇచ్చింది. అదే ఏడాది ప్రభుత్వం పాత లావాదేవీలకు కూడా వర్తించేలా చట్టాన్ని సవరించింది. 2020లో అంతర్జాతీయ మధ్యవర్తిత్వంలో సంస్థే గెలిచింది. 2021లో పార్లమెంటు ఆ వెనకటి పన్నును ఎత్తివేసింది.

ఇందులో రెండు పాఠాలున్నాయి. ఆట ముగిశాక నియమం మార్చడం ప్రభుత్వానికి తగదు. అలాగే "చట్టం ఒప్పుకుంది" అన్న మాటతో నైతిక ప్రశ్న ముగిసిపోదు. ఈ దేశపు స్పెక్ట్రం, ఈ దేశపు వినియోగదారుల వల్ల పెరిగిన విలువలో ఈ దేశానికి ఎంత చెందాలన్నది కోర్టు తీర్పు తర్వాత కూడా మిగిలే ప్రశ్న.

మనం వేయవలసిన ప్రశ్నలు

ఇంతవరకు చూసిన దాన్నిబట్టి ఏ సంస్థనైనా నాలుగు ప్రశ్నలతో పరీక్షించవచ్చు. మొదటిది, వాగ్దానం పరిధిలో ఏ దేశాలు, ఏ భాగస్వాములు, ఏ కాంట్రాక్టు కార్మికులు ఉన్నారు, ఎవరు లేరు? రెండోది, సగటుతో పాటు మొత్తం అంకె ఉందా? మూడోది, లెక్కను బయటివారెవరైనా పరిశీలించారా? నాలుగోది, చట్టమూ, ప్రజల హక్కూ ఎదురెదురుగా నిలిచినప్పుడు సంస్థ ఏం చేసింది, దాన్ని ప్రజలకు చెప్పిందా?

ఈ పరీక్షకు కావలసిన పత్రాలు మీకు అందుబాటులోనే ఉన్నాయి. సెబీ నిబంధనల ప్రకారం స్టాక్ మార్కెట్లో విలువరీత్యా మొదటి 1,000 కంపెనీలు 2022-23 నుంచి బాధ్యత, సుస్థిరతలపై నివేదిక ఇవ్వడం తప్పనిసరి అయింది. మీరు వాడే ఫోన్ సంస్థ నివేదిక తీసుకోండి. అందులో డీజిల్ అంకె ఎక్కడుందో వెతకండి. టవర్ ఎక్కి పనిచేసే కాంట్రాక్టు కార్మికుల ప్రమాదాలు లెక్కలో ఉన్నాయో లేవో చూడండి. పాత బ్యాటరీలు ఎటు పోతున్నాయో కనుక్కోండి. మీరు కనుగొన్నది రెండు పేజీల్లో రాయండి.

మీలో కొందరు రేపు ఇలాంటి సంస్థల్లోనే ఇంజనీర్లుగా, అకౌంటెంట్లుగా చేరతారు. ఆ నివేదికలు రాసే కలం మీ చేతికే వస్తుంది. గిరి ఎక్కడ గీయాలన్న ప్రశ్న అప్పుడు పరీక్షలో వచ్చే ప్రశ్నగా కాక, మీ బల్ల మీది పనిగా మీ ముందుకు వస్తుంది. ఆ రోజు, గీత బయట మిగిలిపోతున్న మనిషి ఎవరో ఒక్కసారి చూసి ఆ తర్వాతే సంతకం పెట్టండి.