రిజిస్టరులో పేరుంటే చాలదు
(మండల సమాఖ్య మహాసభలో మా గ్రామ సమాఖ్య తరఫున మాట్లాడినది)



పొదుపు, అప్పులు, రికవరీ లెక్కలు ఇప్పుడే చదివారు. ఆ లెక్కల్లో కనపడని ఒక సంగతి మేము చెప్తాం.

మా సంఘంలో ఒక చెల్లెలు వరసగా మూడు మీటింగులకు రాలేదు. రూలు ప్రకారం జరిమానా రాశాం. నాలుగోసారీ రాకపోతే నలుగురం కలిసి వాళ్ళింటికి వెళ్ళాం. ఎనిమిదేళ్ళ కూతురు మంచం మీద ఉంది. నడవలేదు, మాట సరిగా రాదు. పాపను ఒక్కదాన్నీ వదిలి రాలేక ఆమె ఆగిపోయింది. అదే వీధిలో ఉంటూ మేము ఒక్కనాడూ అడగలేదు. చాలా సిగ్గేసింది.

పాప పేరు బడి రిజిస్టరులో ఉంది. కానీ బడికి వెళ్ళింది లేదు. "ఇక్కడ చూసుకునే మనిషి లేరమ్మా, ఇంట్లోనే ఉంచుకోండి" అన్నారట. ఆమె సరేనని ఊరుకుంది.

అప్పుడు మేము అడిగి తెలుసుకున్నవి మీరూ వినండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. ఆ చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. అన్నీ కంటికి కనపడేవి కావు. ఎంత చదివినా అక్షరం పట్టుబడని ఇబ్బంది కూడా అందులో ఉంది. కాబట్టి "మొద్దు" అని పిల్లల్ని కొట్టకండమ్మా, ముందు చూపించండి.

భవిత కేంద్రంలో ఇలాంటి పిల్లలకు నేర్పే టీచర్లుంటారు, ఫిజియోథెరపీ చేయిస్తారు. కదల్లేని పిల్లలకు ఇంటికే వచ్చి నేర్పే పద్ధతి కూడా ఉంది. సమగ్ర శిక్ష కింద ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల చొప్పున 10 నెలలు స్టైపెండ్ ఉంది. సదరం సర్టిఫికెట్ తీసుకోండి. అది రాలేదని బడిలో చేర్చకుండా ఆగొద్దు.

ఇవన్నీ తెలిశాక కూడా అసలు చిక్కు తీరలేదు. భవితకి తీసుకెళ్తే తల్లికి ఆ రోజు కూలి పోతుంది, ఆటో ఖర్చు పైన. అందుకని తీర్మానం రాసుకున్నాం. వారానికొకరం వంతులేసుకుని పాపను తీసుకెళ్తాం. ఆటోకి జరిమానాల డబ్బు వాడతాం. ఆమె జరిమానా కొట్టేశాం. అందరం వెళ్ళి హెడ్‌మాస్టరు గారితో మాట్లాడాం.

పాప నడుస్తోందని అబద్ధం చెప్పం. దిండు ఆనుకుని కూర్చుంటోంది. దాహమేస్తే గ్లాసు బొమ్మ చూపిస్తోంది. వారానికి మూడు రోజులు బడికి వెళ్ళి, పిల్లల పక్కన కూర్చుని మధ్యాహ్న భోజనం తింటోంది. వాళ్ళమ్మ మీటింగులకు వస్తోంది.

అక్కలారా, ఈ నెల ప్రతి సంఘం మీటింగులో పొదుపు కట్టాక ఒక మాట అడగండి: "మన వీధిలో ఇంట్లోనే ఉండిపోయిన బిడ్డ ఎవరైనా ఉన్నారా?" వచ్చిన జవాబు మినిట్స్ పుస్తకంలో రాయండి. రాసి ఊరుకోకుండా ఆ ఇంటికి వెళ్ళండి.

సెలవు.