పాత పటాలు – రాతి అచ్చు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి పెద్దలు ఇంతకు ముందే వివరంగా చెప్పారు. నాకిచ్చిన పది నిమిషాలలో మన ఇళ్లలోని పాత దేవుడి పటాల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం, విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వారు రవివర్మ ప్రెస్సులో అచ్చయిన పటాలను సేకరించి, జాబితా వ్రాసి భద్రపరిచారు. ఇక్కడ మనం అద్దం పగిలిందనో, పాత ఇల్లు అపార్ట్‌మెంటుకు ఇచ్చామనో అటువంటి పటాలనే రావిచెట్టు మొదట్లో వదిలేసి వస్తున్నాం.

మ్యూజియంలో అచ్చు బొమ్మ పక్కన ఉడ్‌కట్, ఎచింగ్, లిథోగ్రాఫ్ అని వ్రాసి ఉంటుంది. ఆఫీసులో పనిచేసిన మనకు ఇవి కష్టమైన మాటలు కావు. ఉడ్‌కట్ మన రబ్బరు స్టాంపు వంటిది. చెక్క మీద ఎత్తుగా ఉంచిన భాగానికే సిరా అంటుతుంది. ఎచింగ్ దీనికి తలకిందులు. రాగి రేకు మీద యాసిడ్ తిన్న గాడిలో సిరా నిలుస్తుంది, తడి కాగితం వేసి రోలరు కింద గట్టిగా నొక్కితే ఆ సిరా పైకి వస్తుంది. లిథోగ్రాఫులో ఎత్తూ లేదు, పల్లమూ లేదు.

1796 ప్రాంతంలో బవేరియాలో అలాయిస్ సెనెఫెల్డర్ అనే నాటక రచయిత తన నాటకాలను చవకగా అచ్చు వేసుకోవాలని ప్రయత్నిస్తూ ఈ పద్ధతి కనిపెట్టాడు. నూనెకూ నీటికీ పొత్తు కుదరదనేదే దీని కిటుకు. నునుపు చేసిన సున్నపురాయి మీద జిడ్డు క్రేయానుతో బొమ్మ గీస్తారు. బంక, కొద్దిపాటి యాసిడ్ పూసి, రాయిని తడిపి సిరా రోలరు నడిపితే జిడ్డు ఉన్నచోటే సిరా పట్టుతుంది. బొమ్మ అద్దంలో కనిపించినట్లు తిరగేసి గీయాలి. రంగుల బొమ్మయితే ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి. పదికి పైగా రాళ్లు వాడిన పటాలూ ఉన్నాయి. అన్ని రాళ్ల మీదా కాగితం అదే చోట కూర్చోవాలి. ఏమాత్రం జరిగినా అమ్మవారి పెదవి రంగు చెంప మీదికి పోతుంది! ఇలా అచ్చయిన దానికి వార్నిష్ పూసి తైలచిత్రంలాగా కనిపించేటట్లు చేస్తే దానిని ఓలియోగ్రాఫ్ అన్నారు.

రవివర్మ గారు (1848–1906) వేసిన తైలచిత్రాలు రాజుల, సంపన్నుల భవనాలలో ఉండేవి. చిత్రాలను యూరప్ పంపి ఓలియోగ్రాఫులు వేయించమని 1884లో సర్ టి. మాధవరావు గారు ఆయనకు సలహా ఇచ్చారు. రవివర్మ గారు 1894లో జర్మన్ యంత్రాలతో బొంబాయిలోనే ప్రెస్సు పెట్టారు. మొదట అచ్చయినది శకుంతలా జననం. తరువాత ప్రెస్సు లోనావాలా దగ్గరి మళవలికి మారింది. అక్కడ పనిచేసిన జర్మన్ నిపుణుడు ఫ్రిట్జ్ ష్లైకర్ దానిని కొన్నాడు. సినిమాలు తీయక ముందు దాదాసాహెబ్ ఫాల్కే కూడా ఆ ప్రెస్సులో పనిచేశారు. సామాన్యుడి ఇంటి గోడ మీదికి లక్ష్మి, సరస్వతి రంగుల్లో వచ్చారంటే ఆ రాళ్ల చలవే.

1972లో అగ్నిప్రమాదంలో ఆ ప్రెస్సు కాలిపోయింది. కనుక ఇళ్లలో మిగిలిన పటాలకు విలువ పెరిగింది. విలువ అంటే లక్షలు వస్తాయని కాదు. ప్రెస్సు పేరు ఉన్నంత మాత్రాన బొమ్మ రవివర్మ గారు వేసినదనీ కాదు. ఇతర చిత్రకారుల బొమ్మలూ అక్కడ అచ్చయ్యాయి.

పటం పారవేసే ముందు అడుగు అంచున చిన్న అక్షరాలు చదవండి. భూతద్దంతో చూడండి. చుక్కలు వరుసలు తీరి ఉంటే అది తరువాతి కాలపు యంత్రపు అచ్చు. చిన్నా పెద్దా చుక్కలు క్రమం లేకుండా ఉంటే, చేతితో రాయి మీద పెట్టిన చుక్కలు కావచ్చు.

అద్దం పగిలితే అద్దమే మార్చండి. ఎండ తగిలే గోడకు, చెమ్మ గోడకు తగిలించవద్దు. తడిగుడ్డతో తుడవవద్దు, లామినేషన్ అసలే వద్దు. పాత ఫ్రేముల వెనుక చెక్క వల్ల కాగితం గోధుమరంగుకు తిరుగుతుంది. ఫ్రేము కట్టే అతనితో చెప్పి యాసిడ్ లేని అట్ట వేయించండి. పొగ, కుంకుమ తగలకుండా నిత్యపూజకు వేరే పటం పెట్టుకోవచ్చు.

చివరిగా ఒక మనవి. పటం ఎవరు తెచ్చారు, ఏ ఊళ్లో కొన్నారు, ఏ గోడకు ఉండేది, తెలిసినంతవరకు ఒక కాగితం మీద వ్రాసి పటంతో పాటు ఉంచండి. సర్వీసు రిజిస్టరులో ఎంట్రీ పడని సర్వీసు లెక్కకు రాదని మనకు బాగా తెలుసు. పటం సంగతీ అంతే. ఆ ఎంట్రీ వేయగలిగిన వాళ్లం ఇంట్లో ఇప్పుడు మనమే ఉన్నాం. మన తరువాత పిల్లలు అడుగుదామన్నా చెప్పేవారుండరు.